ఏసోబు బావ వడ్డించిన బంతి

మా బావ ఏసోబు పిడుగురాళ్ల సున్నం బట్టీలో పనిచేసేవాడు. మా పేటలో ఎవరింట్లో పెళ్లయినా సాంబారు బకెట్ మాత్రం ఆయన చేతిలోనే ఉండాలి. బతిమాలో బెదిరించో, వద్దన్నవాళ్ల ఆకులో ఇంకో గరిటె వేస్తేగానీ ఆయనకు తృప్తి ఉండేది కాదు. సొంత కూతురు జెస్సీ పెళ్లిలోనూ అంతే. స్టేజీ మీదికి రమ్మంటే, "ఈ బంతి లేవనియ్యండ్రా, వస్తా" అన్నాడు. వస్తేగా, మహానుభావుడు!

పోయిన వేసవిలో గుండెపోటుతో పోయాడు. ఆయన గొంతు ఎవరి ఫోన్లోనూ లేదు. ఆయన భార్య, నా తోడికోడలు దయామణి అక్కకి అదే దిగులు. "మొహమంటే ఫొటోలో ఉందిలే ఝాన్సీ. గొంతు మర్చిపోతానేమోనని చానా భయంగా ఉందే" అంది. అన్నం కూడా సరిగ్గా తినడం మానేసింది.

పెళ్లి వీడియో ఉంది కదా అని జెస్సీ తన హార్డ్ డిస్క్ పంపింది. టీవీకి పెడితే, టీవీ ఆ డిస్క్‌ని గుర్తుపట్టనే లేదు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దామంటే, ఫైలు మరీ పెద్దదంటూ అది మొరాయించింది. రెండూ పట్టుకుని వీడియోలు ఎడిట్ చేసే ఐజాజ్ షాపుకి పోయాను. "సైజు తగ్గించి ఇస్తాలే అక్కా" అన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరం టీవీ ముందు కూర్చున్నాం. బావ జెస్సీ చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిచాడు. వంచిన తల ఎత్తలేదు, నోరు విప్పలేదు. తర్వాత ప్రార్థన, తాళి, స్టేజీ మీద ఊరి జనమంతా. అంతే, అయిపోయింది. అక్క లేచి వెళ్లి పడుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. తెల్లారగానే ఐజాజ్ మీదికి పోయాను.

"ఏందయ్యా, భోజనాలు ఏవి?"

"అవెవరు చూస్తారక్కా? ఆకులూ, నోళ్లూనూ! ఎవరైనా ముందుకు లాగేసేదే. అందుకే తీసేశా."

"మా బావ ఉన్నదే అక్కడ! ఆయన గొంతు కోసం మా అక్క తిండి మానేసి కూర్చుంది!"

ఐజాజ్ మొహం చిన్నబోయింది. ఈసారి ఏమీ కొయ్యకుండా, పెన్‌డ్రైవ్‌కు పట్టేలా వీడియోని మూడు భాగాలు చేసి ఇచ్చాడు.

భోజనాలు రెండో భాగంలో ఉన్నాయి. కొత్త చొక్కా చెమటతో తడిసిపోయి, బకెట్‌తో వచ్చాడు బావ. "ఒరేయ్, మొహమాటం ఏందిరా, పోయించుకో!" అదే గొంతు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకూ ఏడుపు ఆగలేదు.

బంతి చివర బావ ఆగి, కెమెరా పక్కకి చూశాడు. "ఏమే దయామణీ, పొద్దున్నుంచి తిరగతానే ఉన్నావు. నువ్వు తిన్నావా?"

నేను వీడియో ఆపాను.

"ఇంకా లేదయ్యా" అంది అక్క, టీవీ వంక చూస్తూ. లేచి వంటింట్లోకి పోయి, కంచంలో అన్నం పెట్టుకుని వచ్చి కూర్చుంది.

"ఆ మాట మళ్లీ పెట్టవే ఝాన్సీ. తింటా."