పోస్టాఫీసు పట్టుకున్న మా సారు

సారు పరమపదించారని ఫోను వచ్చినప్పుడు నేను బంగారుపాళ్యంలో పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు, మామిడికాయల ట్రాక్టరుతో క్యూలో ఉన్నాను. ముందురోజు నుంచీ అక్కడే. కాయలు మెత్తబడుతున్నాయి, గేటు తెరవరు, ఎండ మండిపోతోంది, దానిమీద ఈ వార్త. వెనక ట్రాక్టరు పెద్దాయనకు తాళం ఇచ్చి కాస్త చూసుకోమన్నాను. ఇది ఇప్పట్లో కదిలేది కాదులే, పోయి రమ్మన్నాడు. తిరుపతి బస్సెక్కాను. దారంతా సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను.

ఆయన మాకు డిగ్రీలో చరిత్ర చెప్పారు. వాళ్ళ నాన్నగారిది తిరుమల గుళ్ళో కైంకర్యం. సారుకు నుదుట నామం, జేబులో చాక్‌పీసు, కాళ్ళకు చక్రాలు. బస్టాపులో నిలబడలేక తర్వాతి స్టాపుకు నడిచేవారు. బస్సేమో మధ్యలో ఆయన్ని దాటుకుని పోయేది. ఇదేం పని సార్ అంటే, నిలబడితే బస్సు వస్తుందని నమ్మకమేముందప్పా, నడిస్తే దూరమైనా తగ్గుతుంది కదా అనేవారు.

ఏటా ఒక్క పాఠానికి మాత్రం పుస్తకాలు మూయించి, మమ్మల్ని పోస్టాఫీసు మెట్ల దగ్గరికి నడిపించుకుపోయేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు తలమునకలుగా ఉన్నప్పుడు ఐర్లండులో కొందరు తిరగబడి, డబ్లిన్ నగరంలో పెద్ద పోస్టాఫీసును పట్టుకున్న కథ అది. ఈస్టర్ పండగ మర్నాడు, దొరలు గుర్రప్పందాలకు పోయిన రోజు. అసలు పండగ రోజే బయల్దేరాలి. వాళ్ళలోనే ఒక పెద్దమనిషి ఇది అయ్యే పని కాదని పేపర్లో రద్దు ప్రకటన వేయించాడు. చాలామంది ఇళ్ళలో ఆగిపోయారు. కొద్దిమంది మాత్రం సోమవారం పోయారు. వారం తిరక్కుండానే ఫిరంగుల దెబ్బకు లొంగిపోయారు. వాళ్ళను పట్టుకుపోతుంటే ఊరి జనమే తిట్టారు. నాయకుల్ని వరసగా కాల్చి చంపాక ఆ జనమే ఏడ్చారు.

చెబుతూ సారు ఆ మెట్లెక్కి, దిగి, మళ్ళీ ఎక్కేవారు. పోస్టుమాస్టరు బయటికొచ్చి ఏం సామీ, ఈ ఏడు గూడా పట్టుకున్నట్లేనా అని నవ్వేవాడు. సారు మర్యాదకు ఒక కార్డు కొనేవారు. చివర్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న: ఓడిపోతామని తెలిసి కూడా పోవచ్చా? మేం ఏది చెప్పినా ఆయన రెండోవైపు వాదించేవారు. తన మనసులో ఏముందో తేలనిచ్చేవారు కాదు. నాకు ఒళ్ళు మండేది.

కొన్నేళ్ళ కిందట మామిడి ధర పడిపోతే హైవే మీద ధర్నా చేద్దామనుకున్నాం. తెలివిగా కావళ్ళ పండగ ఆడికృత్తిక రోజు పెట్టాం. పోలీసులంతా గుళ్ళ దగ్గర బందోబస్తులో ఉంటారని మా ఎత్తు. సారు పాఠం అంతగా తలకెక్కింది మరి. తీరా చూస్తే మావాళ్ళే మొక్కుకున్న కావళ్ళు ఎత్తుకుని తిరుత్తణి పోయారు. రోడ్డు మీద మిగిలింది గుప్పెడుమంది. పోలీసులు మాత్రం నిండుగా వచ్చారు. ఎవరు చెప్పారో ఏమో, సారు వచ్చి మా మధ్య కూర్చున్నారు. ఆగిపోయిన బస్సుల్లోంచి జనం మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టారు. సారు చెవులు రిక్కించి విన్నారు. ఇన్నేళ్ళూ పాఠంలో తను సరిగ్గా చెప్పలేకపోయింది ఇదేనన్నారు.

ధర పెరగలేదు. పోలీసులు మమ్మల్ని తీసుకుపోయి కూర్చోబెట్టిన స్టేషన్ బెంచీ మీద నేను ఉక్రోషం పట్టలేక అడిగేశాను.

"ఇప్పుడన్నా చెప్పండి సార్. ఆ పోస్టాఫీసుకు పోయినోళ్ళు చేసింది సరా, తప్పా?"

"నాకు తెలీదప్పా. తెలిసుంటే ఏటేటా అదే పాఠం చెప్పేవాడినా?"

తిరుపతిలో బస్సు దిగి నేను సారు ఇల్లు చేరేసరికి ఆయన్ని వాకిట్లోకి తెచ్చారు. కాళ్ళకు దండం పెట్టుకున్నాను. ఆ కాళ్ళు కదలకుండా ఉండటం చూసి ఏడుపు ఆగలేదు. డిగ్రీలో చదివిందంతా మరిచిపోయాను, ఆయన పాఠం ఒక్కటే మిగిలింది. అందుకు ఎన్ని దండాలు పెట్టినా చాలవు. మేం అమ్మగారని పిలిచే సారు భార్య నన్ను గుర్తుపట్టారు. మంచాన పడ్డాక కూడా ఆయనకు అదే ధ్యాసట. అయితే పోస్టాఫీసుకు పోయినవాళ్ళ గురించి కాదట.

"పేపర్లో రద్దని చదివి ఇంట్లో ఉండిపోయినాడే, ఆ సోమవారం వాడు ఎట్ల కూర్చున్నాడో అని నన్ను అడుగుతా ఉన్నారప్పా. నాకేం తెలుసు?"

తిరిగొచ్చేసరికి నా కాయలు సగం మురిగిపోయాయి. క్యూలో ఉన్న అందరి గతీ అదే, కాయలు పారబోసి ఇళ్ళకు మళ్ళాం. ఖాళీ ట్రాక్టర్లతో చిత్తూరు పోయి కలెక్టరాఫీసు ముందు నిలబడదామని రైతులం అనుకున్నాం. ముందురోజు సాయంత్రం గ్రూపులో మెసేజ్ వచ్చింది: కార్యక్రమం వాయిదా, ఎవరూ రావద్దు. సరేలే అనుకున్నాను.

పొద్దున కాఫీ తాగాను. పేపరు తిరగేశాను. కూర్చోబుద్ధి కాలేదు. లేచి తాళం తీసుకుంటుంటే మా ఆవిడ, వద్దన్నారు గదా, యాడికి అంది. చూసి వస్తానన్నాను. నేనొక్కణ్ణే పోయి ఏం పొడుస్తానని తిట్టుకుంటూనే ట్రాక్టరును హైవే ఎక్కించాను. ఎండ సరిగ్గా కళ్ళలో పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే, చాలా దూరంలో ఇంకొక్క ట్రాక్టరు చిత్తూరు వైపే పోతోంది. దాని ట్రాలీ కూడా ఖాళీగా ఎగిరెగిరి పడుతోంది.