పాప పక్కనే ఉండిపోయినావిడ

మా పాప ఒక పగలూ ఒక రాత్రీ బతికింది. మేముండే ఎడారి ఊరు చాండ్లర్‌లో, జనవరి నెలలో. గుండెలో ఒక గది సరిగ్గా ఏర్పడలేదని డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ఆ బొమ్మ ఇప్పుడు గీయమన్నా గీయగలను.

పురిటికని మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి ఉంది. పాత నూలు చీరలు చింపి కుట్టిన పక్కగుడ్డలు, వాము, శొంఠి, వెండి ఉగ్గుగిన్నె, అన్నీ తెచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి అవన్నీ మళ్ళీ సూట్‌కేసులోకి వెళ్ళిపోయాయి. ఎప్పుడు సర్దిందో నేను చూడలేదు.

"అంత చిన్నవాళ్ళని కాల్చరమ్మా, భూమికిచ్చేస్తారు," అంది అమ్మ. మా ఆయనకూ అదే కావాలి. ఆయన చైనా సంతతివాడు. వాళ్ళ పూర్వీకులు కాలిఫోర్నియా వచ్చి ఐదు తరాలైంది. చైనా భాషలో నాలుగు మాటలకు మించి రాదు, తెలుగులో కూడా అంతే. పెళ్ళి దగ్గర్నుంచి ప్రతిదానికీ రెండు వైపుల పద్ధతులూ సర్దుకోలేక సతమతమైన వాళ్ళం, ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరూ ఎవరికీ నచ్చజెప్పాల్సిన పని రాలేదు. ఊరి శ్మశానంలో పసివాళ్ళకి విడిగా ఒక మూల ఉంది. అక్కడ పెట్టి వచ్చాం.

మూడోనాటికి పాలు పడ్డాయి. మల్లెపూలు కడితే ఆగిపోతాయంది అమ్మ. జనవరిలో మల్లెపూలు ఎక్కణ్ణుంచి తెస్తాం? క్యాబేజీ ఆకులు ఫ్రిజ్‌లో పెట్టి, అవి వేసి గుడ్డతో బిగించి కట్టేది. కడుతున్నంతసేపూ కిటికీ వైపు చూసేది.

మార్చిలో ఆయన ఆఫీసువాళ్ళు టీమునంతా వర్జీనియాకి మారుస్తున్నామన్నారు. అక్కడి ఆష్‌బర్న్‌కి వెళ్ళాలి, లేదా ఉద్యోగం మానుకోవాలి. "నేను రాను," అన్నాను. "పాపని ఇక్కడొదిలేసి ఎలా వస్తాను?" ఆయన చేతులు కడుక్కుంటూ సింకు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

ఆ వారంలోనే ఆయన అమ్మమ్మ ఫోన్ చేసింది. ఎనభై దాటిన మనిషి, శాక్రమెంటోకి పైన కొండల్లో ఒక చిన్న ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. ఏటా ఏప్రిల్ మొదట్లో వాళ్ళు పూర్వీకుల సమాధులకి వెళ్ళి గడ్డి పీకి, తుడిచి, తిండి పెట్టి వస్తారు. ఈసారి మేము రావాలంది. మా అమ్మని కూడా తీసుకురమ్మంది. నాకు ఏ శ్మశానానికీ వెళ్ళాలని లేదు. "పెద్దావిడ నోరు తెరిచి అడిగితే వెళ్ళకపోతే ఎట్టాగే?" అంది అమ్మ. వెళ్ళాం.

ముందు గుడికి తీసుకెళ్ళింది. బంగారం తవ్వడానికొచ్చిన చైనా కూలీలు కట్టుకున్న గుడి అది. రెండు దుకాణాల మధ్య ఇరుకుగా, ఎర్ర తలుపులతో ఉంది. ఇప్పుడు సగం గుడి, సగం మ్యూజియం. అమ్మ అలవాటుగా చెప్పులు గుమ్మం బయట విప్పేసింది. లోపల కూర్చున్న ఆయన అక్కర్లేదని ఇంగ్లిషులో అంటున్నా ఆమెకి అర్థం కాలేదు, వట్టికాళ్ళతో లోపలికి నడిచింది. అమ్మమ్మ అది చూసి, గోడ పట్టుకుని వంగి, తన బూట్లు కూడా విప్పేసింది.

లోపల చీకటిగా ఉంది. చెక్క మీద చెక్కిన బంగారు రంగు పూలన్నీ పాత పొగకి నల్లబడ్డాయి.

"ఏ దేవుడే ఈయన?" అని అమ్మ గుసగుసగా అడిగింది.

"నీళ్ళ దేవుడటమ్మా. వరదలు రాకుండా చూస్తాడట."

"పిల్లల్ని చూసే దేవుడు లేడా?"

ఆ మాట నేను ఇంగ్లిషులో చెప్పలేదు. కానీ అమ్మమ్మ మా అమ్మ మొహం చూసి ఏమనుకుందో ఏమో, చెయ్యి పట్టుకుని పక్కనున్న చిన్న పీఠం దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఒడిలో బిడ్డతో ఒక దేవత ఉంది. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. నేను బయటికొచ్చేశాను. మంటలొస్తాయన్న భయంతో లోపల అగరుబత్తీలు వెలిగించనివ్వరట, వాకిట్లో ఒక ఇసుక తొట్టె పెట్టారు. మా ఆయన అందులో మూడు కడ్డీలు గుచ్చి, అవి కాలిపోయేదాకా కదలకుండా చూస్తున్నాడు.

సమాధులు ఊరి చివర ఒక వాలు మీద ఉన్నాయి. వానలకి గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. అక్కడక్కడ ఓక్ చెట్లు. గడ్డి కింద నేలంతా గుంటలు. అమ్మ ఒకదాంట్లో కాలు వేసి పడబోయింది.

"అత్తయ్య గారూ, నెమ్మది," అని మా ఆయన జబ్బ పట్టుకున్నాడు.

"ఇవేం గుంటలు నాయనా?"

ఆయన అమ్మమ్మ వైపు చూశాడు. ఆవిడ చెప్పింది, నేను అమ్మకి తెలుగులో చెప్పాను. పరాయి నేలలో చచ్చిపోయిన మగవాళ్ళని ఇక్కడ కొన్నేళ్ళ పాటే పాతిపెట్టి ఉంచేవారట. తర్వాత మనుషులొచ్చి తవ్వి, ఎముకలు కడిగి, పెట్టెల్లో సర్ది ఓడలో చైనాలోని సొంత ఊళ్ళకి పంపేవారట. ఆ ఖాళీలే ఈ గుంటలు.

"ఇది మా తాతది," అని ఒక గుంట చూపించింది అమ్మమ్మ. గడ్డి తప్ప అందులో ఏమీ లేదు. పక్కనే మాత్రం రెండు రాళ్ళున్నాయి. ఒకటి మామూలుది. రెండోది మోకాలంత ఎత్తు కూడా లేదు.

"ఆ చిన్నది ఎవరిదో అడుగు," అంది అమ్మ.

నేను అడగలేదు. అడగకపోయినా తెలుస్తోంది.

"అడగవే."

అడిగాను. అమ్మమ్మ నా మొహంలోకి చూసింది. తర్వాత మా ఆయన తెచ్చిన మడత కుర్చీలో కూర్చుని చెప్పింది.

"మా తాతకీ నాయనమ్మకీ మొదటి బిడ్డ. ఆడపిల్ల. కొన్ని నెలలే బతికింది. ఎముకలు తీసుకెళ్ళేవాళ్ళు ఆడవాళ్ళనీ పిల్లల్నీ తీసుకెళ్ళేవాళ్ళు కాదు. ఇక్కడే వదిలేసేవాళ్ళు. వయసు మళ్ళాక తాత సొంతూరికి వెళ్ళిపోదామన్నాడు. నాయనమ్మ రానంది. పాపని తవ్వి తెస్తే వస్తానంది. దానికి ఎవరూ ఒప్పుకోలేదు. అలా వాదించుకుంటూనే తాత ఇక్కడే పోయాడు. ఆయన ఎముకలు వెళ్ళాయి. ఆవిడ ఉండిపోయింది, ఆ పెద్ద రాయి ఆవిడదే. మేమందరం ఈ దేశంలో పుట్టింది అందుకే."

"ఏం చెప్తోందే ఆవిడ?" అంది అమ్మ.

నేను తెలుగులో మొదలుపెట్టాను. 'మొదటి బిడ్డ' దాకానే చెప్పగలిగాను. మా ఆయన తనకొచ్చిన నాలుగు మాటల్లో పూర్తి చేయబోయాడు. "చిన్న పాప, అత్తయ్య గారూ. అమ్మ వెళ్ళలేదు. పాప ఇక్కడ, అమ్మ ఇక్కడ." అంతే చెప్పగలిగాడు. అమ్మకి అది చాలింది.

అమ్మమ్మ పెద్ద రాయి ముందు ఉడికించిన కోడి, నారింజపళ్ళు, మూడు చిన్న గ్లాసుల్లో టీ పెట్టింది. మేమంతా వంగి దణ్ణం పెట్టాం. చిన్న రాయి ముందు మాత్రం ఒక తీపి బన్ను పెట్టి ఊరుకుంది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి వంగకూడదట. అమ్మమ్మ వాళ్ళ నాన్న ఇక్కడికొచ్చి టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడేవాడట.

అప్పుడు అమ్మ పాలు కావాలంది. పసివాళ్ళని మట్టికిచ్చిన చోట మా వైపు పాలు పోస్తారు. దారిలో కాఫీలోకని కొన్న పాలసీసా కార్లో ఉంది. ఆయన వెళ్ళి తెచ్చాడు. అమ్మ గడ్డిలో చతికిలబడి, చిన్న రాయి చుట్టూ కొంచెం కొంచెంగా పోసింది. పోస్తూ ఏదో అంటోంది. ముందు ఆ పిల్ల కోసమనుకున్నాను. కాసేపటికి వినపడింది. "మా బంగారు తల్లి, తాగమ్మా, తాగు," అంటోంది. మా పాపని మేము పిలుద్దామనుకున్న పేరు పెట్టి అంటోంది. చాండ్లర్‌లో మేము పాపని మట్టికిచ్చిన రోజున అమ్మకి పాలు పోయడానికి కుదరలేదు. అక్కడి మనిషి టైమైపోయిందన్నాడు.

నేను ఆ తడిసిన మట్టి మీద పడి ఏడ్చాను. జనవరి నుంచి అలా ఏడవలేదు. ఎవరూ లేవదీయలేదు, ఊరుకోమనలేదు.

కొండ దిగుతుంటే అమ్మమ్మ నా భుజం మీద బరువు వేసి నడిచింది. వర్జీనియా సంగతి ఆవిడకి తెలుసు.

"నేనూ ఉండిపోతే?" అని అడిగాను.

ఆవిడ నాలుగడుగులు వేసి ఆగింది. "ఉండిపోయిందని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. కానీ మా నాన్నకి ఈ కొండంటే అసహ్యం. చిన్నప్పుడు ప్రతి ఆదివారం వాళ్ళమ్మ ఇక్కడ కూర్చునేదట. బతికున్న పిల్లలు కింద బండి దగ్గర ఎదురుచూసేవాళ్ళట. వెళ్ళినా నీకు బాధ తప్పదు, ఉన్నా తప్పదు. ఏది మంచిదో నేను చెప్పలేనమ్మాయ్."

అంతకంటే ఎక్కువ ఎవరూ ఏమీ చెప్పలేదు నాకు.

జూన్‌లో అమ్మ తిరిగి వెళ్ళిపోయింది. సూట్‌కేసు పట్టుకుని ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్తూ, "ఉగ్గుగిన్నె నీ బీరువాలో పెట్టాను, పారేయకు," అంది. అదే నెలలో ఆయన ఆష్‌బర్న్ వెళ్ళాడు. నేను వెళ్ళలేదు. ఫ్లాటులో ఒక్కదాన్నే ఉండి, ఎండెక్కకముందే రోజూ శ్మశానానికి డ్రైవ్ చేసేదాన్ని. పాప పక్కన కూర్చునేదాన్ని. ఎడారి నేల, రాయి పొద్దున్నే వేడెక్కేది. నీళ్ళు పోసి చల్లార్చేదాన్ని. పోసిన నీళ్ళు చూస్తుండగానే ఆరిపోయేవి.

అక్టోబర్లో ఒక ఆదివారం ఆయన ఫోన్ చేసి మామూలు మాటలేవో మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడవడం మొదలుపెట్టాడు. పాప పోయినప్పుడు ఆయన నా ముందు ఏడవలేదు. "తను నాకూ కూతురే," అన్నాడు. "ఇక్కడ ఆ సంగతి ఒక్కరికీ తెలియదు. పిల్లలున్నారా అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియట్లేదు."

ఆ నెలాఖరుకి నేను చాండ్లర్ వదిలేసి ఆయన దగ్గరికి వెళ్ళిపోయాను. ఆఖరి రోజు పాప దగ్గర ఎక్కువసేపు ఉండాలనుకున్నాను. ఉండలేకపోయాను. కారు దాకా పరిగెత్తినట్టే వెళ్ళాను.

అమ్మమ్మ ఆ చలికాలంలో పోయింది. ఏప్రిల్‌లో బంధువులంతా ఆ కొండకి వెళ్తున్నారని మాకు కబురొచ్చింది. మేమిద్దరం చాండ్లర్‌కి టికెట్లు బుక్ చేసుకున్నాం.

ఆయన రాయి చుట్టూ చేత్తో దుమ్ము తుడిచాడు. నారింజపళ్ళు పెట్టాడు. నేను పాలు పోశాను. తర్వాత ఆయన ఏమనుకున్నాడో, మోకాళ్ళ మీద కూర్చుని నుదురు ఆ చిన్న రాయికి ఆనేలా వంగాడు. వంగకూడదని ఆయనకి తెలుసు.

వెళ్తుంటే గేటు దగ్గర పనిచేసే ఆయన పలకరించాడు. సమాధుల మీద పెట్టినవన్నీ సోమవారం గడ్డి కోసేటప్పుడు తీసేస్తామని, కావాలంటే పళ్ళు ఇప్పుడే తీసుకెళ్ళమని మర్యాదగానే చెప్పాడు. మా ఆయన నా వైపు చూశాడు.

"ఉండనీ," అన్నాను. "సోమవారం దాకా ఉంటాయి కదా."

సాయంత్రం ఫ్లైటుకి తిరిగొచ్చేశాం.