కాజాలక్క చుట్టూ మూటలు

చొక్కాలకు కాజాలు కుడుతుంది కాబట్టి కుట్టుషెడ్డులో అందరూ ఆమెను కాజాలక్క అంటారు. ఫిట్స్ వస్తాయని తెలియగానే మొగుడు వదిలేశాడు. ఇంతకుముందు పనిచేసిన షాపులో ఫిట్సొచ్చి వేడి ఇస్త్రీపెట్టె మీద పడి చెంప కాలితే, పుండు మానకముందే ఓనరు పనిలోంచి తీసేశాడు. అందుకే ఇక్కడ ఆ సంగతి పొక్కనివ్వలేదు. ఒకసారి భోజనాల వేళ పడిపోయింది. తెలివొచ్చేసరికి పక్కన ఎవరూ లేరు. ఎవరూ చూడలేదు, బతికిపోయాననుకుంది.

ఇక్కడ ఆమెకు ఒళ్లు మండేదల్లా బట్టల మూటల మీదే. షెడ్డంతా ఖాళీగా ఉన్నా, తోటి ఆడవాళ్లు తెచ్చి ఆమె స్టూలు చుట్టే పడేసేవాళ్లు.

"నా చుట్టే పడేస్తారేంటే? మీ కళ్లు పోయాయా?" అని రోజూ తిట్టిపోసేది. మర్నాడు మళ్లీ అక్కడే పడేసేవాళ్లు.

ఇవాళ మిషను మీదే కాళ్లూ చేతులూ కొంకర్లు పోయాయి. తెలివొచ్చేసరికి మూటల మధ్య మెత్తగా పడుంది. కళ్లు తెరవబోతుంటే షెడ్డులో ఇస్త్రీ చేసే పిన్ని గొంతు వినిపించింది.

"అటు గచ్చు కనిపిస్తోంది, రేపట్నుంచి అక్కడా ఒక మూట వెయ్యండి. పోయినసారీ అటే పడింది. ఇక ఎవరి మిషను దగ్గరికి వాళ్లు పొండే. మనం చూశామని తెలిస్తే సిగ్గుతో ఈ పనీ మానేస్తుంది."

మిషన్లు మళ్లీ మొదలయ్యాయి. కాజాలక్క చాలాసేపు కళ్లు తెరవలేదు. తర్వాత లేచి కూర్చుని, రోజూలాగే తిట్టింది.

"నా చుట్టే పడేస్తారేంటే?"