ప్లగ్గు పీకే మేడమ్

ఇవాళ మధ్యాహ్నం ఆఫీసులో కరెంటు పోయి యూపీఎస్ కీచుమంది. అందరూ ఫ్యాను వంక చూశారు. నాకు మాత్రం శాంతకుమారి గారు గుర్తొచ్చారు.

తొంభైల చివర్లో ఆవిడ రాజమండ్రి దానవాయిపేటలో చిన్న కంప్యూటర్ షాపు నడిపేవారు. ఆదివారం చర్చికి తప్ప దేనికీ షాపు మూసేవారు కాదు. అంతకుముందు కాలేజీలో లెక్కల లెక్చరర్. ఆ ఉద్యోగం ఎందుకు మానేశారో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయేవారు. డిగ్రీ కాగానే నేను ఆవిడ దగ్గర పనికి చేరాను. ఏ మిషనైనా అప్పగించే ముందు ఆవిడకొక అలవాటుండేది. కస్టమరు చేత ఏదో ఒకటి టైపు చేయిస్తూ, మాటల్లో పెట్టి, మిషన్ వెనక ప్లగ్గు పీకేసేవారు. మళ్లీ ఆన్ చేశాక కొట్టింది కొట్టినట్టు ఉంటేనే అప్పగింత. యూపీఎస్ ఉంది కదా మేడమ్ అంటే, దాని బ్యాటరీని నమ్ముకున్నవాళ్లని చాలామందిని చూశాననేవారు. నాకదంతా చాదస్తంగా తోచేది.

మాకున్న పెద్ద కస్టమరు ఒక బ్లడ్ బ్యాంకు. ఏ రక్తం సంచి ఎవరికిచ్చారో కొట్టిన ప్రతిసారీ, అది కరెంటు పోయినా చెరగని డిస్క్ మీదికి ఎక్కేదాకా స్క్రీను కదలకుండా మేడమ్ అక్కడి సర్వర్‌ని పెట్టారు. జనం పెరిగి కౌంటర్ దగ్గర గొడవలు మొదలయ్యాయి. స్పీడు పెంచకపోతే వేరే షాపు చూసుకుంటానని ఆ బ్లడ్ బ్యాంకు నడిపే డాక్టరు గారు తేల్చేశారు. ఆయన వెళ్లిపోతే మా షాపు మూతపడాల్సిందే. సరే, ప్రయత్నించి చూడమని మేడమ్ నాకు చెప్పారు. వివరాలన్నీ కాసేపు మెమరీలో ఉంచి, తీరిగ్గా ఒక్కసారే డిస్క్ మీదికి పంపేలా మార్చాను. ట్రయల్ రోజున స్క్రీను పరుగెత్తింది. డాక్టరు గారి మొహం వెలిగింది.

మేడమ్ మిషన్ వెనక్కి వెళ్లి ప్లగ్గు పీకారు. మిషన్ లేచాక చూస్తే చివర కొట్టినవి లేవు. ఇచ్చేసినట్టు కొట్టిన సంచి ఇంకా ఫ్రిజ్‌లోనే ఉన్నట్టు చూపిస్తోంది.

“లేని సంచి ఉందనుకుని ఆపరేషన్ మొదలెట్టేస్తారా అండి?” అన్నారు మేడమ్.

“మరి లైన్లో నించున్నవాళ్లకి ఏం చెప్పమంటారండి? ఆలస్యమైనా పోయేది ప్రాణమే కదా,” అన్నారాయన.

ఆ మాట నిజమేనని ఆవిడ ఒప్పుకున్నారు. ఆవిడంటే నాకు గౌరవం కలిగింది అప్పుడే. షాపుకొచ్చాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో వివరానికీ ఒకటే ప్రశ్న వేశారు.

“ఇది పోతే మళ్లీ ఎవర్ని అడుగుతామమ్మా?”

దాత చిరునామా పోతే దాతనే అడగొచ్చు. అలాంటివన్నీ వేగంగా నడిచే మెమరీ వైపు పెట్టాం. సంచి ఎవరికి వెళ్లిందన్నది మాత్రం డిస్క్ మీద పడ్డాకే ముందుకి. లైను కొంత తగ్గింది. డాక్టరు గారు సణుగుతూనే మా దగ్గర ఉండిపోయారు. తర్వాత ఒక గాలివానకి కరెంటు పోయి, జనరేటరు కూడా మొరాయించినప్పుడు కొందరు దాతల చిరునామాలు గల్లంతయ్యాయి. వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు అడిగి కొట్టుకున్నారు. సంచుల వివరం ఒక్కటీ పోలేదు.

ఇప్పటికీ సర్వర్ అప్పగించే ముందు ప్లగ్గు నేనే పీకుతాను. నా దగ్గర పనిచేసే పిల్లలు చాదస్తమనుకుంటారు. అనుకోనీ. మేడమ్ పోయి చాలా కాలమైంది. లెక్చరర్ ఉద్యోగం ఎందుకు మానేశారని ఎన్నోసార్లు అడుగుదామనుకున్నాను. రోజూ కనిపించే మనిషే కదా, తీరిగ్గా అడగొచ్చులే అనుకున్నాను. మొన్న వాళ్ల చర్చి వాళ్లు ఆవిడ గురించి నాలుగు మాటలు రాసిమ్మన్నారు. రాస్తూ సరిగ్గా ఆ ఉద్యోగం మానేసిన దగ్గరే ఆగిపోయాను. ఎవర్ని అడగను?