జేబులో ఉల్లిగడ్డ

నవ్వితే నవ్వండి కానీ, ఒక ఎండాకాలమంతా సూర్యాపేట పిల్లలు నన్ను ఎంత శ్రద్ధగా చదివారో ఇప్పటికీ తలుచుకుంటే చెవులు ఎర్రబడతాయి! పుస్తకాలను కాదు, నన్ను!

1940ల చివరి సంగతి, నిజాం రోజులు. మా బడిలో చదువంతా ఉర్దూలో సాగేది. తెలుగు పుస్తకాలు ఒక్క బీరువాలోనే, నలభై ఉండేవి. పాఠాలు చెప్పడంతో పాటు ఆ బీరువా తాళం కూడా నాదే. సెలవులకు ముందు హెడ్మాస్టరు సాబ్ పిలిచి ఖరాఖండిగా చెప్పేశారు.

"మాస్టర్ సాబ్, ఎవరూ ముట్టని పుస్తకాలకు ఇంత జాగా ఎందుకు? సెలవులయినంక గూడ గిట్లనే ఉంటే డబ్బాలల్ల కట్టి వాపస్ పంపిస్త."

క్లాసు క్లాసుకూ తిరిగి బతిమాలాను. "సోమవారం సోమవారం పొద్దున్నే బడి తెరుస్త. వచ్చి పుస్తకం తీస్కపోండ్రి. బడి తెరిచిన నాడు ఏం సదివిన్రో హెడ్మాస్టరు సాబ్ ముందట చెప్పాలె."

పుస్తకాలు పిల్లల చేతుల్లో నలిగిపోతాయని నాకు బెంగ. అట్టలు వేద్దామంటే కాగితం దొరకని రోజులు. ఇంట్లో మాత్రం ఒక కట్ట ఉంది. మా పిల్లలు రఘు, కమల హైదరాబాదులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేవారు. వాళ్లకు వారానికి రెండు ఉత్తరాలు రాసేవాణ్ణి. పంతులు ఉత్తరంలో కొట్టివేతలు ఉండకూడదు కదా! అందుకని ముందు పెద్ద కాగితం మీద చిత్తు రాసి, దిద్దుకుని, మంచి ప్రతి పోస్టులో వేసేవాణ్ణి. ఏడాది చిత్తులన్నీ తేదీల వరుసలో దాచి ఉన్నాయి. ఒకవైపే రాత. రాసిన వైపు లోపలికి మడిచి, తెల్లటి వైపు పైకి పెట్టి, వరుసగా అట్టలు వేసి నంబర్లు రాశాను. పుస్తకానికి జిగురు తగిలితే పురుగు పడుతుందని ఉత్త మడతలతోనే సరిపెట్టాను. ఎంత జాగ్రత్తో చూడండి!

మొదటి సోమవారం ముగ్గురొచ్చారు. రెండోసారి పదకొండు మంది! ఆ తర్వాత వాకిట్లో తోపులాటే.

"సార్, నాకు ఏడో నంబరు ఇయ్యుండ్రి," అన్నాడు యాదగిరి. జన్మలో పుస్తకం పట్టని వాడు!

"ఏడే ఎందుకురా?"

"ఆరు అయిపోయింది సార్. వరుసగ సదివితేనే మంచిగుంటది."

నాకు కళ్లు చెమర్చాయి. ఒకటి మాత్రం వింతగా తోచింది. వచ్చిన ప్రతివాడి జేబులో ఉల్లిగడ్డ! వడదెబ్బకు మంచిదే, తల్లులు పెట్టి పంపుతున్నారులే అనుకున్నాను.

బడి తెరిచిన రోజు పుస్తకాలన్నీ బల్ల మీద పేర్చి గర్వంగా నిలబడ్డాను. హెడ్మాస్టరు సాబ్ ఏడో నంబరు తీశారు. అది ఎరువుల గురించిన పుస్తకం.

"ఏంరా యాదగిరీ, ఇండ్ల ఏమున్నది?"

"ఎండల తిరుగొద్దు సార్. తిరిగితే జేబుల ఉల్లిగడ్డ పెట్టుకోవాలె. నీళ్లు కాచి తాగాలె. మేనత్తకు ఎదురు మాట్లాడొద్దు."

"ఎరువుల పుస్తకంల మేనత్త ఎక్కడికెల్లి వచ్చింది?"

అంతలో సత్తెమ్మ లేచింది. క్లాసులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల. నా వైపు తిరిగి, పాపం, ఎంతో ఆదుర్దాగా అడిగింది. "సార్, మీ రఘు గోడ మీదికెల్లి దుంకిండని పన్నెండుల ఉన్నది. పదమూడు నాకు దొరకనే లేదు. కాలు ఇరిగిందా సార్?"

అట్టల లోపలివైపు రాత నాకు అప్పుడు గుర్తొచ్చింది! హెడ్మాస్టరు సాబ్ మెల్లగా పదమూడో నంబరు అట్ట విప్పారు. గొంతు సవరించుకుని క్లాసంతా వినేలా చదివారు.

"చిరంజీవి రఘూ, కాలు బెణికింది సరే, ఆముదం రాసుకున్నావా లేదా?"

"హమ్మయ్య!" అంది సత్తెమ్మ. క్లాసు గొల్లుమంది.

బీరువా పోయిందనే అనుకున్నాను. హెడ్మాస్టరు సాబ్ కళ్లద్దాలు తుడుచుకుని సత్తెమ్మను అడిగారు. "అట్టలేనా, లోపల గూడ ఏమన్న సదివినవా?"

"అట్ట ఒక్క పూటల అయిపోతది సార్. మళ్ల సోమవారం దాంక ఏం జెయ్యాలె? లోపలిది గూడ సదివిన." అంటూ పన్నెండో నంబరులోని బావి తవ్వే పద్ధతంతా గడగడా చెప్పేసింది. ఆమె వెనక ఇంకో ఆరుగురు లేచారు. చివరికి యాదగిరి కూడా పేడ ఎరువు గురించి రెండు ముక్కలు అప్పజెప్పాడు.

"క్యా మాస్టర్ సాబ్! బీరువా గీడనే ఉండనీ. ఉత్తరాలు మాత్రం ఆపకుండ్రి," అన్నారు హెడ్మాస్టరు సాబ్.

ఆ సాయంత్రం సిగ్గు చంపుకుని జరిగిందంతా మా పిల్లలకు రాశాను, యథాప్రకారం చిత్తు రాసి, దిద్ది, నాలుగు పేజీలు. వారానికి రఘు దగ్గర్నుంచి కార్డు వచ్చింది.

"నాయినా, ఇక్కడ అందరం క్షేమం. మీ ఉత్తరాలు శానా పొడుగుంటున్నయి. నేను, చెల్లె మొదటి పేజీ, ఆఖరి పేజీ సదువుతున్నం. నడుమ ఏమన్న ముఖ్యమైనవి ఉంటే వేరే కార్డు రాయగలరు."