వెనక నుంచి రావాల్సిన జవాబు

నేను గాలిలో పెట్రోలు బంకు నడిపినవాణ్ణి. నవ్వకండి. పెందుర్తిలో మా చుట్టాలకి ఇలా చెబితే తప్ప అర్థమయ్యేది కాదు. చెప్పినా మా పెద్దమ్మ ఊరుకునేది కాదు. "గాల్లో పోత్తే ఒలికిపోదేటి?" అనేది. ఒలికిపోదు. మాది పెద్ద విమానం, కడుపు నిండా ఇంధనం. వెనక నుంచి పొడుగాటి గొట్టం వదులుతాం. దాని చివర బుట్టలాంటిది ఉంటుంది. ఫైటర్ విమానం మెల్లగా మా వెనక్కి చేరి, ఆ బుట్టలో తన గొట్టం దూర్చి, తాగి పోతుంది. నేను అందులో ఫ్లైట్ ఇంజినీర్‌ని. పైలట్ల వెనక సీట్లో కూర్చుని ఇంజన్లూ ఇంధనమూ చూసుకోవడం నా పని. ఇరవై రెండేళ్ళు అదే సీటు.

మొదట్లో మేం ఏడుగురం ఎక్కేవాళ్ళం. ఏడో మనిషి తోకలో కూర్చునేవాడు. మా గోపాలపట్నం వాడే, నాకన్నా ఏడాది పెద్ద. నాకు వరసకి ఏమీ కాడు కానీ పరిచయమైన రోజు నుంచీ "బావా" అంటే "బావా" అనుకున్నాం. గొట్టం ఎలా పోతోందో, వచ్చే ఫైటర్ ఎలా ఊగుతోందో కళ్ళతో చూసి చెప్పేది అతనే. సరుకుల గది చివర, అతని సీటు పక్కన ఒక సేఫ్టీ వాల్వు ఉంటుంది. దాన్ని బయలుదేరే ముందు చేత్తో తిప్పి తెరవాలి. అది మూసి ఉంటే గొట్టం బయటికి పోతుంది, ఫైటర్ వచ్చి తగులుకుంటుంది, చుక్క మాత్రం పడదు.

మాలో ఒక ఆచారం ఉంది. పైకి లేచే ముందు కెప్టెన్ చెక్‌లిస్టు పైకి చదువుతాడు. ఎవరి లైను వాళ్ళది. చేత్తో ముట్టుకుని, కళ్ళతో చూసి, అప్పుడు "చెక్" అనాలి. ఒకడి లైనుకి ఇంకొకడు జవాబు చెబితే పాత కెప్టెన్లు ఊరుకునేవారు కాదు. "పెళ్ళికొడుకు ఆలస్యమైతే నువ్వు కట్టేస్తావా తాళి?" అని గడ్డి పెట్టేవారు. "వెనక వాల్వు?" అని చదివాక రెండు క్షణాలు ఏమీ వినిపించేది కాదు. బావ నిజంగానే లేచి, దాన్ని తట్టి చూసి వచ్చి చెప్పేవాడు. ఆ రెండు క్షణాల ఖాళీకి నా చెవులు అలవాటు పడిపోయాయి.

తరవాత మనుషుల్ని తగ్గించడం మొదలైంది. చేయి తిరిగిన కెప్టెన్లు ఒక్కొక్కరే ప్రయాణికుల విమానాలకి వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పు పట్టను, ఎవరి సంసారం వాళ్ళది. బావ రిటైరయ్యాడు. అతని సీట్లోకి ఎవరినీ పంపలేదు. తోకలో ఒక కెమెరా బిగించి, "ఇక మనిషెందుకు?" అన్నారు. కెమెరా వాల్వు తిప్పుతుందా అని నేను మీటింగులో అడిగాను. అడిగినందుకు ఆ వాల్వు లైను నా పేరునే రాశారు. నేనే లేచి, వెనక్కి పోయి, తిప్పి, మళ్ళీ వచ్చి కూర్చోవాలి. ఆరు నెలలు ఇలా నడిపి చూస్తారట. నడిచిందని రిపోర్టులు వస్తే తోక మనిషి పోస్టు శాశ్వతంగా రద్దు. నడవలేదని వస్తే మనిషిని మళ్ళీ ఇస్తారు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టుంది వ్యవహారం.

ఆ ఆరు నెలలకీ మాకు వచ్చిన కెప్టెన్ గాజువాక కుర్రాడు. తండ్రి ఉక్కు ఫ్యాక్టరీ కార్మికుడు, తల్లి ఆదివారం చర్చి తప్పదు. మంచి పైలట్. చేయి మెత్తన. కానీ కొత్త. పాత రోజుల్లో అయితే ఇంకో నాలుగేళ్ళు పక్క సీట్లో కూర్చుని నేర్చుకోవలసినవాడు. అతని పక్కన కూర్చున్న కో-పైలట్ అతనికన్నా కొత్త. మొదటి రోజే కెప్టెన్ నా దగ్గరికి వచ్చి మన యాసలోనే అన్నాడు: "సాబ్, నాకు బయంగానే ఉంది. ఎవలికీ సెప్పకండి. నాను తప్పు సేత్తే గట్టిగా తిట్టండి, మొగమాటపడకండి." అంత మాట అన్నవాడి మీద ప్రేమ పుట్టకుండా ఎలా ఉంటుంది? ఈ కుర్రాణ్ణి క్షేమంగా తయారు చేసి అప్పుడు రిటైరవుతాను అనుకున్నాను. అతనికి వెనక ఒక మనిషి ఉండాలి, అది ఒక్కటే నా పట్టుదల.

ఆ వానాకాలం మమ్మల్ని కొద్ది రోజుల పని మీద విశాఖపట్నం పంపారు. మా ఇంటి డాబా మీద నుంచి చూస్తే కనిపించే రన్‌వే. ఒక రోజు పొద్దున్నే ఉక్కపోత, సముద్రం వైపు మబ్బు. ఇంజన్లు వేశాక కిందటి రోజు పాడైన ఒక మీటరు మళ్ళీ మొరాయించింది. దానితో కుస్తీ పడుతున్నాను. మా వెనక ప్రయాణికుల విమానాలు రెండు లైన్లో ఉన్నాయి. కంట్రోలు టవర్ తొందరపెడుతోంది. కెప్టెన్ చెక్‌లిస్టు అందుకున్నాడు.

"వెనక వాల్వు?"

ఒక క్షణం. రెండు క్షణాలు. ఎప్పటిలాగే వెనక నుంచి జవాబు వస్తుందని నా చెవి ఎదురు చూసింది. రాలేదు. ఆ ఖాళీ నాకు భరించరానిదిగా అనిపించింది. నా కళ్ళు మీటరు మీద, చేతులు స్విచ్చుల మీద, నా నోరు మాత్రం తనంతట తానే "చెక్" అంది. నేను సీట్లోంచి లేవలేదు. వాల్వు ముఖం చూడలేదు. కెప్టెన్ తరవాతి లైనుకి వెళ్ళిపోయాడు.

సముద్రం మీద చాలా దూరం పోయాక ఫైటర్ వచ్చింది. ఒక్కడే పైలట్. అప్పటికే అతని దగ్గర ఇంధనం అడుగంటింది. తీరం చేరాలన్నా మేం పోసిందే దిక్కు. కింద మబ్బు, చుట్టూ వాన, మా విమానం గతుకుల రోడ్డు మీద బస్సులా ఊగుతోంది. మూడోసారికి గొట్టం అందుకున్నాడు. "తగిలింది" అన్నాడు రేడియోలో. నేను పంపు వేశాను. సూది కదల్లేదు. "రావడం లేదు" అన్నాడతను, చాలా మర్యాదగా. మళ్ళీ వేశాను. "సార్, రావడం లేదు. నా దగ్గర పది నిమిషాలకే ఉంది."

అప్పుడు నాకు తెలిసిపోయింది. ఎందుకు రావడం లేదో ఈ ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు.

"నేను వెనక్కి వెళ్ళాలి" అన్నాను.

కెప్టెన్ తల తిప్పి చూశాడు. "మీరెల్లిపోతే ఇంజన్లు ఎవలు సూత్తారు సాబ్? ట్యాంకులు ఎవలు సర్దుతారు?"

"నువ్వే. ఇద్దరూ కలిసి చూసుకోండి. ఎడమ వైపు బరువెక్కితే ఇది తిప్పు, ఇంకేదీ ముట్టుకోకు."

బెల్టు విప్పి పరిగెత్తాను. పరిగెత్తాననడం అబద్ధం. రెండు అడుగులు వేస్తే ఒకసారి గోడకి గుద్దుకుంటున్నాను. ఆ సరుకుల గది ఎంత పొడుగో ఇరవై రెండేళ్ళలో నాకు ఎప్పుడూ తెలియలేదు. సగం దూరంలో విమానం ధబాలున కిందికి పడింది, నేను మోకాళ్ళ మీద కూలిపోయాను. చెవి మీది హెడ్‌సెట్ తీగ అక్కడి వరకూ రాదు, కాబట్టి అతను ఇంకా ఉన్నాడో, సముద్రంలో దూకాడో తెలియదు. "నాయనా, ఉండు, నాయనా, ఉండు" అంటూ పాకుతున్నాను. అలా పైకే అంటున్నానని తరవాత గొంతు బొంగురుపోయాక తెలిసింది.

వాల్వు పిడి తేమకి బిగుసుకుపోయింది. కాలితో తన్నాను. బండబూతులు తిట్టాను, దాన్ని కాదు, నన్ను. నాలుగో తన్నుకి కదిలింది. బావ సీటు పక్క గోడకి ఉన్న హెడ్‌సెట్ లాక్కుని పెట్టుకుంటే ఫైటర్ కుర్రాడి గొంతు వినిపించింది. మర్యాద అంతా పోయింది. "ప్లీజ్, ప్లీజ్" అంటున్నాడు, అంతే. తరవాత ఆ మాట మధ్యలో ఆగిపోయింది. ఆ తరవాత అన్నాడు: "వస్తోంది. సార్, వస్తోంది."

నేను ఆ సీట్లో కూలబడి ఏడ్చాను. యాభై ఏడేళ్ళ మనిషిని, నోట్లో గుడ్డ పెట్టుకుని ఏడ్చాను.

ముందుకి వచ్చేసరికి మా కెప్టెన్ చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఎడమ రెక్క బరువెక్కి విమానం ఒక పక్కకి లాగుతుంటే, అటు గొట్టం చివర ఒక ప్రాణం వేలాడుతుంటే, ఆ కుర్రాడు రెండు చేతులతో స్థిరంగా పట్టుకుని నిలిపాడు. నేను కూర్చోగానే ఒక్క మాటే అన్నాడు: "ప్రబువు కాపాడేడు."

దిగాక, వానలో, విమానం రెక్క కింద నిలబడి అడిగాడు. "సాబ్, ఆ వాల్వు లైనుకి జవాబు ఎవలు సెప్పేరు?"

నేను చెప్పవలసిన క్షణం అదే. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "గుర్తు లేదు బాబూ. వాల్వే సరిగ్గా తెరుచుకోలేదేమో, తేమకి బిగుసుకుంది" అన్నాను. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం రిపోర్టు నా ముందు పెట్టారు. వాల్వు బిగుసుకుపోయిందని రాశాను. అబద్ధం కాదు కదా, బిగుసుకుంది కదా! కింద ఇంకో గడి ఉంది: ఉన్న సిబ్బంది సరిపోయారా? కలం పట్టుకుని కూర్చున్నాను. సరిపోలేదని రాస్తే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే ఇరవై రెండేళ్ళ పేరు ఒక్క పూటలో మట్టిలో కలుస్తుంది. పైగా విమానంలో ఏం జరిగినా బాధ్యత కెప్టెన్‌దే, కొత్తవాడు, అతనికీ మచ్చే. కుర్రాడి కోసమే అనుకున్నాను. ఛీ, అది కూడా దొంగ మాటే. నా సిగ్గు కోసం. "సరిపోయారు" అని రాసి సంతకం పెట్టాను.

సెలవు రోజున ఆటోనగర్ వెళ్ళాను. బావ అక్కడ ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరు. నన్ను చూడగానే గ్రీజు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏటి బావా, సిక్కిపోయేవు! నా వాల్వు ఎవలు తిప్పుతన్నారేటి?"

"నేనే."

"నువ్వా? నీ మతిమరుపుకి నీకప్పసెప్పేరా! ఓర్నాయనో!" పకపకా నవ్వాడు. తరవాత గొంతు తగ్గించి అన్నాడు: "నవ్వులాటకి కాదు బావా. తోకలో మనిసి లేపోతే ఎప్పుడో ఒక కుర్రగుంటడి పేణం మీదకొత్తాది. నీ మాటకి అక్కడ ఇలువుంది. నువ్వు రాయి. నువ్వు రాత్తే ఇంటారు."

"రాస్తాను" అన్నాను. టీ తెప్పించాడు. సగంలో వదిలేసి లేచాను.

ఆరు నెలలు అయ్యాయి. సముద్రం మీద జరిగింది అందరి నోటా గొప్ప కథ అయి కూర్చుంది: తక్కువ మందితో, కొత్త కెప్టెన్‌తో, వాల్వు బిగుసుకున్నా ఒక ఫైటర్‌ని కాపాడిన సిబ్బంది! ఇంతకన్నా రుజువేం కావాలి? తోక పోస్టు రద్దయింది. ఆ కాగితం చదివి బాత్‌రూంలోకి వెళ్ళి గోడకి తల కొట్టుకున్నాను. కొట్టుకుంటే ఏం లాభం? మూడు నెలల తరవాత నేనూ రిటైరయ్యాను. పూలదండ వేశారు, నా గురించి మంచి మాటలు చెప్పారు. నా బదులు వచ్చిన ఇంజినీరుకి రెండు విమానాలు అప్పగించారు. అతను లేని రోజున అతని లైన్లు కూడా కెప్టెనే చూసుకోవాలట.

అప్పటి నుంచీ నాకు కుదురు లేదు. గోపాలపట్నంలో ఏ విమానం చప్పుడు వినిపించినా డాబా మీదికి ఎక్కుతాను. మా ఆవిడ "మోకాలి నొప్పంటారు, రోజుకి పదిసార్లు మెట్లెక్కుతారు" అని విసుక్కుంటుంది. ఆమెకి కూడా చెప్పలేదు.

కిందటి వారం కెప్టెన్ ఫోన్ చేశాడు. మధ్యాహ్నం భోజనం ముందు కూర్చున్నాను. "సాబ్, బావున్నారా?" అన్నాడు. గొంతు బాలేదు. ఏమైందని అడిగాను.

"నిన్న ఇంజినీరు రాలేదు సాబ్. ఆయన లైన్లు నానే సదివేను, నానే జవాబు సెప్పీసేను. వాల్వు సూల్లేదు. సూసీసేననే అనుకున్నాను. పైకెల్లేక గుర్తొచ్చింది. ఆకాశంలో విమానం కో-పైలట్‌కి వదిలీసి ఎల్లి తిప్పి వచ్చేను."

"నువ్వు సీటు వదిలి వెళ్ళావా?" అన్నాను. నా చేతిలో ముద్ద పళ్ళెంలో పడింది.

"మరేటి సెయ్యను సాబ్? ఇంకెవలున్నారు?"

"రాశావా? రిపోర్టులో రాశావా? రాయి బాబూ. ఇవాళే రాయి. నీకు దండం పెడతాను, ఇలా ఒంటరిగా చేయలేమని రాయి." నేను అరుస్తున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

అతను నన్ను ఓదారుస్తున్నట్టుగా, ఎంతో మెల్లగా అన్నాడు.

"ఏటీ అవ్వలేదు కద సాబ్, రాయడం దేనికి? మీరూ అప్పుడు రాయలేదు కదా."