పేరూ గారూ ఒకే వరసలో

మా అమ్మాయికి వెబ్ పేజీల పని నేర్పిన తెనాలి మాస్టారు పోయిన మంగళవారం కన్నుమూశారు. నాలుగు రోజులైనా నేను సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను.

నేను రేపల్లెలో బట్టలు కుట్టేవాణ్ణి. చదువు ఐదో తరగతితో ఆగింది. మాస్టారు వయసులో ఉండగా ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చేవారు. ఆ పని పోయాక కంప్యూటర్ నేర్చుకుని, తెనాలిలో రెండు గదుల్లో సెంటర్ పెట్టారు. మా అమ్మాయి రోజూ రైల్లో వెళ్ళేది. గుడ్డ కొనడానికి తెనాలి వెళ్ళినప్పుడల్లా నేనూ అక్కడ కాసేపు కూర్చునేవాణ్ణి. మిగతా చోట్ల రంగులూ బొమ్మలూ నేర్పుతుంటే, ఈయన హెడ్డింగు చుట్టూ ఉండే ఖాళీ నేర్పేవారు. సీఎస్ఎస్ అంటే పేజీకి కొలతలు చెప్పే రాత అని నాకు తెలిసింది అక్కడే. హెడ్డింగుకి పైన ఎక్కువ ఖాళీ, కింద తక్కువ వదలాలనేవారు. ఎందుకని అడిగాను.

"అది కిందవాళ్ళ మనిషి అన్నయ్యా. సరిగ్గా మధ్యలో నిలబెడితే ఎవరికీ కాకుండా పోతుంది."

ఒకసారి బాపట్ల కుటుంబమొకటి తమ నాన్నగారి పెద్దకర్మ కబురు ఫోన్లలో పంపుకోవడానికి పేజీ చేయించుకుంది. మా అమ్మాయి చేసింది. కంప్యూటర్లో బాగానే ఉంది. ఫోన్లో మాత్రం హెడ్డింగు విరిగి, పెద్దాయన పేరు పై వరసలోనూ 'గారు' ఒక్కటీ కింది వరసలోనూ పడింది. అప్పటికే చుట్టాలందరికీ వెళ్ళిపోయింది. మాస్టారు అరవలేదు. "పేరొకచోట, మర్యాదొకచోట పెట్టామమ్మా" అన్నారంతే. ఆ రెండు మాటలూ విడిపోకుండా మధ్య ఖాళీని ఎలా కట్టెయ్యాలో చూపించి, బాపట్ల బస్సెక్కారు. "మా నాన్నని ఒక మెట్టు దింపేశారు కదండీ" అని ఆ ఇంటి పెద్దకొడుకు అంటే, తప్పు నాదేనండి అని చెప్పి వచ్చారట. మా అమ్మాయి పేరు ఎత్తలేదు. ఆయన రుణం నేనెలా మర్చిపోను?

తర్వాత పిల్లలు రావడం మానేశారు. పేజీలు ఇప్పుడు కంప్యూటరే సొంతంగా చేసేస్తోందన్నారు. చివరి రెండేళ్ళూ మా అమ్మాయి ఒక్కతే మిగిలింది. ఒకరోజు టీ తాగుతూ మాస్టారు అన్నారు: "ఈ ఖాళీలు ఇక ఎవరూ చూడరు అన్నయ్యా. మీ అమ్మాయికి రెండేళ్ళు పాడు చేశాను."

పోయిన శనివారం మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. పోయినాయన గురించి రాసే చోట ఇది రాయకూడదేమో గాని, ఈ సంతోషాన్ని నేనెక్కడ దాచను? ఇంటర్వ్యూలో విరిగిపోయిన హెడ్డింగే ఇచ్చి సరిచేయమన్నారట. మిగతావాళ్ళు అక్షరాలు చిన్నవి చేశారట. మా పిల్ల మాత్రం మాట ఎక్కడ ఆగాలో అక్కడ ఆపిందట.

మర్నాడు మొదటి రైలుకే ఉద్యోగం కాగితం పట్టుకుని తెనాలి వెళ్ళాను. రెండేళ్ళూ పాడు కాలేదని ఆయనకి చెప్పాలి. నెల రోజులుగా మంచంలో ఉన్న మనిషికి ముందురోజే స్పృహ తప్పిందని ఆయన భార్య గుమ్మంలోనే చెప్పారు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. నాకు రాదు. అయినా తెరిచి పట్టుకుని, అమ్మాయి చెప్పిందంతా ఆయన చెవి దగ్గర చదువుతున్నట్టే చెప్పాను. కళ్ళు తెరవలేదు.

"ఇంకోసారి చదవండి అన్నయ్యగారూ" అన్నారు ఆమె.

మళ్ళీ చదివాను. తర్వాత కాగితాన్ని ఆయన వేళ్ళ కింద పెట్టాను. ఫ్యాను గాలికి కాగితం అంచు లేస్తూ ఉంది. వేళ్ళు కదల్లేదు.